ఒక్క మిల్లీలీటరు తేడా: మా గుండె బల్ల డైరీ

జూన్ 27, రాత్రి

ఇది నేను కావాలని మొదలుపెట్టిన ప్రాజెక్టు కాదు. ఇంటర్ సెకండియర్ బైపీసీ పిల్లలకి ఇవాళ రక్త ప్రసరణ పాఠం. ఏటా చెప్పేదే. గుండె కింది గదుల్ని జఠరికలంటాం. కుడి జఠరిక ఒక్కో స్పందనకి సుమారు 70 మి.లీ. రక్తం ఊపిరితిత్తులకి పంపుతుంది, ఎడమ జఠరిక సుమారు 70 మి.లీ. ఒంటికి పంపుతుంది, నిమిషానికి 70 సార్లు, మొత్తం దాదాపు 5 లీటర్లు. బోర్డు మీద లెక్క వేసి చాక్‌పీసు కింద పెట్టబోతుంటే కిటికీ పక్క బెంచీలో అమ్మాయి లేచింది.

"మేడమ్, రెండూ కరెక్టుగా 70 అని ఎవరు చూస్తారు? కుడిది 71 కొడితే?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, "అంత తేడా రాదులేమ్మా" అన్నాను. బెల్లు కొట్టారు కాబట్టి బతికిపోయాను.

బస్సులో కూర్చున్నాక ఫోన్‌లో లెక్క వేశాను. స్పందనకి ఒక్క మి.లీ. తేడా అంటే నిమిషానికి 70 మి.లీ. గంటకి 4,200 మి.లీ. ఒంట్లో ఉన్న మొత్తం రక్తమే 5 లీటర్ల చిల్లర. పొద్దున ఫస్ట్ పీరియడ్‌లో తేడా మొదలైతే లంచ్ బెల్లు కొట్టేలోపు రక్తమంతా ఊపిరితిత్తుల్లో చేరిపోవాలి. మరి మనం డెబ్బై, ఎనభై ఏళ్లు బతుకుతున్నాం. ఎవరో చూస్తూనే ఉండాలి.

నాడులు సరిచేస్తాయి అనుకున్నాను మొదట. వేగస్ నాడి గుండెని నెమ్మది చేస్తుంది, సహానుభూత నాడులు పరుగెత్తిస్తాయి. కానీ రెండు జఠరికలకీ తాళం ఒకటే. గుండెలోనే ఉండి తాళం వేసే ఎస్.ఏ. నోడ్ ఒక దెబ్బ వేస్తే రెండూ కలిసే ముడుచుకుంటాయి. వేగం పెంచితే రెండింటికీ పెరుగుతుంది, తగ్గిస్తే రెండింటికీ తగ్గుతుంది. ఆ ఒక్క మి.లీ. తేడా అలాగే ఉంటుంది. నాడులు ముడుచుకునే బలాన్ని కూడా మారుస్తాయి, నిజమే. అయినా స్పందన స్పందనకీ రెండు వైపులా కొలిచి, ఇటు ఒక చుక్క తగ్గించు, అటు ఒక చుక్క పెంచు అని చెప్పేంత సూక్ష్మంగా చూసే మీటరు ఒంట్లో లేదు.

డిగ్రీలో ఫ్రాంక్-స్టార్లింగ్ నియమాన్ని రెండు మార్కుల ప్రశ్నకి బట్టీ పట్టాను. గుండె కండరం ఎంత సాగితే అంత గట్టిగా ముడుచుకుంటుంది. ఈ అమ్మాయి అడిగిన దానికి జవాబు ఆ వాక్యంలోనే ఉందని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు. ఇప్పుడు బోర్డు మీద ఇంకో వాక్యం రాసి సరిపెట్టడం ఇష్టం లేదు. రెండు పంపులు, రెండు సీసాలు, మధ్యలో నీళ్లు. బల్ల మీద పెట్టి చూపిస్తాను.

జూన్ 29, ఆదివారం

మా తమ్ముడికి ఖమ్మంలో కార్ల ఎలక్ట్రికల్ షాపు ఉంది. పొద్దున్నే వెళ్లాను.

"గుండె చెయ్యాలిరా."

"ఎవరికక్కా?" అన్నాడు, చేతిలో టెస్టర్ కింద పెట్టి, మొహం మాడ్చుకుని. మా ఇంట్లో ఆ మాటకి ఉన్న చరిత్ర అలాంటిది. విషయం చెప్పాక తేరుకున్నాడు.

పాత కారులోంచి తీసిన వైపర్ మోటార్ ఇచ్చాడు. పన్నెండు వోల్టులు, నెమ్మదిగా తిరుగుతుంది, బలం బాగా ఉంటుంది. వేగం మార్చడానికి చిన్న రెగ్యులేటర్ బోర్డు బిగించాడు. మెడికల్ షాపులో 20 మి.లీ. సిరంజిలు రెండు, చేపల తొట్టెల షాపులో గాలి పంపులకి పెట్టే నాన్-రిటర్న్ వాల్వులు నాలుగు కొన్నాను. కవాటాలుగా పనికొస్తాయని. మా వీధి డాక్టరు గారి దగ్గర రోగులకి సెలైన్‌లా ఎక్కించే ఆర్‌ఎల్ ద్రావణం ఖాళీ సీసాలు రెండు అడిగి తెచ్చి, వేడినీళ్లతో కడిగి, అడుగు కోసి, తలకిందులుగా వేలాడదీశాను. ఒకటి "ఒళ్లు", ఒకటి "ఊపిరితిత్తులు".

ఆ సీసా మీద లేబులు పీకుతుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ఆర్‌ఎల్ అంటే రింగర్స్ లాక్టేట్. ఆ రింగర్ లండన్ డాక్టరు సిడ్నీ రింగర్. 1880ల మొదట్లో ఉప్పునీళ్లలో కప్ప గుండెని కొట్టుకునేలా చేశాడు. తీరా చూస్తే ఆ ద్రావణం చేసింది డిస్టిల్డ్ వాటర్‌తో కాదు, పంపునీళ్లతో. అసలైన డిస్టిల్డ్ వాటర్‌తో చేస్తే గుండె ఆగిపోయింది. పంపునీళ్లలో ఉన్న కాల్షియమే దాన్ని కొట్టించిందని అలా బయటపడింది. నేను గుండె బొమ్మకి వాడుకుంటున్న సీసా మీద ఆయన పేరే ఉండటం నాకు సరదాగా అనిపించింది. తమ్ముడికి అనిపించలేదు. "లేబులు నానబెట్టు, ఊరికే వస్తుంది" అన్నాడు.

జులై 6

మొదటి నమూనా. చెక్క మీద రెండు సిరంజిలు పక్కపక్కన, రెండు పిస్టన్లూ ఒకే అడ్డచెక్కకి బిగించి, ఆ చెక్కని తమ్ముడు మోటార్ క్రాంక్‌కి, అంటే మోటార్‌తో తిరిగే చేతికి, తగిలించాడు. "ఒళ్లు" సీసాలోంచి కుడి సిరంజి లాగి "ఊపిరితిత్తుల" సీసాలో పోస్తుంది. అక్కణ్నుంచి ఎడమ సిరంజి లాగి మళ్లీ "ఒళ్లు" సీసాలో పోస్తుంది. నీళ్లలో వంటకి వాడే ఎర్ర రంగు వేశాం. నిమిషానికి 30 దెబ్బలు.

దెబ్బకి 11 మి.లీ. వస్తోంది. సీసా జానెడు ఎత్తులో పెట్టినా అంతే, నాలుగు జానల ఎత్తులో పెట్టినా అంతే. పిస్టన్ ఎంత దూరం కదిలితే అంత లాగుతుంది, అంతే కొడుతుంది. మోటార్ చెప్పిందే లెక్క, సీసాలో ఎంత ఉందో దానికి పట్టదు.

తమ్ముడు టీకి వెళ్లాడు. నేను సీసాలు చూస్తూ కూర్చున్నాను. నాలుగో నిమిషానికి అనుమానం వచ్చింది. ఎనిమిదో నిమిషానికి ఖాయమైంది. ఊపిరితిత్తుల సీసాలో మట్టం పెరుగుతోంది. పద్నాలుగో నిమిషానికి అంచు దాటి ఎర్రనీళ్లు బల్ల మీద నుంచి నా చీర మీదకి కారాయి. స్కేలు పెట్టి చూస్తే ఎడమ పిస్టన్ కుడిదానికంటే రెండు మి.మీ. తక్కువ కదులుతోంది, మేకు కొంచెం లూజు. దెబ్బకి అర మి.లీ. పైచిలుకు తేడా. అంతకే పావుగంటలో ఊపిరితిత్తులు పొంగిపోయాయి.

టీ తాగి వచ్చినవాడు "మేకు బిగిస్తా" అన్నాడు. వద్దన్నాను. ఎంత బిగించినా ఒక వెంట్రుకవాసి తేడా ఉండనే ఉంటుంది. పద్నాలుగు నిమిషాలు కాస్తా రెండు గంటలవుతుంది, అంతకుమించి ఏమీ మారదు.

ఇంకో గమ్మత్తు. లాగే వైపు పైపుగా చేతి గ్లవ్ వేలు లాంటి మెత్తటి రబ్బరు పెట్టి చూశాం. సిరంజి లాగగానే అది లోపలికి అతుక్కుపోయి దారి మూసుకుపోయింది. మన సిరలూ అలాంటివే, పలచటి గోడలు. గుండె కనుక సిరంజిలా పీల్చుకోవాలని చూస్తే సిరలు అతుక్కుంటాయి. జఠరిక ముడత విప్పుకునేటప్పుడు కొంత పీలుస్తుంది కానీ, దాన్ని నింపేది ముఖ్యంగా వెనక నుంచి వచ్చే ఒత్తిడే. కాబట్టి నాకు కావలసింది పీల్చే పంపు కాదు. వచ్చినదాన్ని పట్టి పంపే సంచి.

జులై 13

వారమంతా టెన్షన్, ఆదివారమంతా ఫెయిల్యూర్లు.

సంచి అనగానే బెలూన్ అనుకున్నాను. ప్రతి స్కూల్ సైన్స్ ఫెయిర్లోనూ గుండె అంటే బెలూనే కదా. సీసా జానెడు ఎత్తులో పెడితే బెలూన్‌లోకి చుక్క వెళ్లలేదు. రెండు జానలు, లేదు. ఇంకా పైకి జరిపితే ఉన్నట్టుండి బుస్సున ఉబ్బి చెక్కల్లోంచి బయటికి వచ్చేసింది. బెలూన్ ఊదిన ప్రతివాడికీ తెలుసు, మొదటి ఊపిరే కష్టం, సాగడం మొదలయ్యాక తేలిక. దీనికి కారణం లాప్లాస్ సూత్రం. గుండ్రటి సంచి చిన్నగా ఉన్నప్పుడు గోడలో కొద్దిపాటి బిగువుకే లోపల ఒత్తిడి ఎక్కువ. పెద్దదయ్యాక అదే ఒత్తిడి రావాలంటే గోడ చాలా ఎక్కువగా బిగుసుకోవాలి. ఉబ్బిపోయిన గుండెకి ఉన్న కష్టం సరిగ్గా అదే, ప్రతి దెబ్బకీ గోడలు మామూలుకంటే ఎక్కువ శ్రమ పడాలి. ఇది మంచి పాఠమే, కానీ ఇవాళ నాకు కావలసిన పాఠం కాదు. బెలూన్ పక్కన పడేశాను.

చేపల తొట్టె వాల్వులు కూడా మోసం చేశాయి. సిరంజి బలంగా లాగేది కాబట్టి అవి తెరుచుకునేవి. సీసాలోంచి ఊరికే దిగే నీళ్లకి అవి తలుపు తియ్యడం లేదు. నిజం గుండెలో కర్ణికకీ (పై గదికీ) జఠరికకీ మధ్య కవాటం తెరుచుకోవడానికి ఒకటి రెండు మి.మీ. పాదరసం తేడా చాలు. అంత తేలిగ్గా తెరుచుకునేది ఎక్కడ దొరుకుతుంది?

చివరికి ఇంట్లోనే దొరికింది. సర్జికల్ గ్లవ్ వేలు కోసి, దాని కొస కూడా కత్తిరించి, తాపీమేస్త్రీలు లెవెల్ చూసుకునే పారదర్శక పైపు మూతికి దారంతో కట్టాను. దాన్ని ఇంకా లావుపాటి పైపు ముక్కలో దూర్చాను. ముందుకి వచ్చే నీళ్లకి వేలు తెరుచుకుంటుంది. వెనక్కి రాబోతే వేలు నలిగి మూసుకుంటుంది. మొదటి రెండూ కారాయి. మూడోది, వేలు పొడవు రెండు అంగుళాలు ఉంచినది, చుక్క వెనక్కి రానివ్వలేదు. రాత్రి పదకొండింటికి నాలుగు కవాటాలు తయారు. మా ఆయన వచ్చి చూసి, ఏమీ అడక్కుండా లైటు తీసేయమని చెప్పి వెళ్లిపోయారు.

జులై 20

ఇవాళ పని చేసింది. రాయడానికి చేతులు ఆగడం లేదు.

సంచికి సైకిల్ ట్యూబు వాడాం. కొత్త ట్యూబు ముక్క పెడితే నలిపి వదలగానే దానంతటది గుండ్రంగా విచ్చుకుని మళ్లీ పీలుస్తోంది, సిరంజి గోలే. వైరా రోడ్డు మీద పంక్చర్ షాపులో పారేసిన పాత ట్యూబు తెచ్చాడు తమ్ముడు. అరిగి, మెత్తబడి, బల్ల మీద పెడితే పాపడంలా పడి ఉంటుంది. పది సెం.మీ. ముక్క. దాన్ని తలుపు బందుతో కలిపిన రెండు చెక్కల మధ్య పెట్టాం. మోటార్ తిరిగితే చెక్కలు మూసుకుని ట్యూబుని పిండుతాయి, తెరుచుకున్నప్పుడు ఊరికే వదిలేస్తాయి. అలాంటివి రెండు జతలు, ఒకే క్రాంక్.

పది దెబ్బల నీళ్లు కొలజాడీలో పట్టి పదితో భాగించాను. సీసా జానెడు ఎత్తులో దెబ్బకి 14 మి.లీ. రెండు జానలకి 21. మూడు జానలకి 25. నాలుగు జానలకి 26, అంటే ట్యూబు పూర్తిగా గుండ్రం అయిపోయింది, ఇక పట్టదు. మోటార్ వేగం మార్చలేదు, చెక్కలు మార్చలేదు, నేను మార్చింది సీసా తగిలించిన మేకు ఒక్కటే.

1914లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఎర్నెస్ట్ స్టార్లింగ్, ఆయనతో పాటు ప్యాటర్సన్, పైపర్ చేసిందీ ఇదే తరహా పని. వాళ్ల దగ్గర సైకిల్ ట్యూబు బదులు కుక్క గుండె ఉంది. గుండె, ఊపిరితిత్తులు మాత్రం ఉంచి, మిగతా ఒంటి బదులు రబ్బరు గొట్టాలు, ఒక రక్తం తొట్టి పెట్టారు. తొట్టిలోంచి ఎక్కువ రక్తం వదిలితే గుండె పెద్దదై ఎక్కువ కొట్టింది, తగ్గిస్తే తక్కువ కొట్టింది. దానికి వెళ్లే నాడులేవీ పని చెయ్యడం లేదు, మెదడు చెప్పిందేమీ లేదు. స్టార్లింగ్ దీన్ని "గుండె నియమం" అన్నాడు. 1915లో కేంబ్రిడ్జిలో ఉపన్యాసం ఇచ్చాడు, అది 1918లో అచ్చయింది. హార్మోన్ అనే మాట పెట్టిందీ ఈయనే. పిల్లలకి ఆ పేరు అక్కడ కూడా కనిపిస్తుంది, కానీ ఇద్దరూ ఒకరేనని ఎవరూ చెప్పరు.

ఇక అసలు పరీక్ష. రెండు సీసాలూ జానెడు ఎత్తులో, రెండింట్లోనూ మట్టం ఎనిమిది సెం.మీ. దగ్గర. ఎడమ చెక్కల మధ్య మూడు పెళ్లిపత్రికల అట్టలు పెట్టాను. అవి అడ్డుపడి చెక్కలు పూర్తిగా మూసుకోవు. ఎడమ గుండె బలం తగ్గిందన్నమాట. మోటార్ వేశాం.

ఊపిరితిత్తుల సీసాలో మట్టం పెరగడం మొదలైంది. ఎనిమిది, తొమ్మిది, పది. నేను తుడిచే గుడ్డ తెచ్చి పెట్టుకున్నాను. పదకొండు. పదకొండున్నర. అక్కడ ఆగింది.

ఆగిందంటే మోటార్ ఆగలేదు, పంపులు ఆగలేదు, నీళ్లు తిరుగుతూనే ఉన్నాయి. మట్టం మాత్రం ఆగింది. ఏడు నిమిషాలు పట్టింది అక్కడికి రావడానికి, తర్వాత ఇరవై నిమిషాలు చూశాం, గీత దాటలేదు. ఊపిరితిత్తుల సీసాలో మట్టం పెరిగింది కాబట్టి ఎడమ ట్యూబు ఎక్కువ నిండుతోంది, అట్టలు అడ్డున్నా ఎక్కువ పంపుతోంది. ఒంటి సీసాలో మట్టం నాలుగున్నరకి దిగింది కాబట్టి కుడి ట్యూబు తక్కువ నిండుతోంది, తక్కువ పంపుతోంది. రెండూ సమానమైన చోట నిలబడ్డాయి. కొలిచినవాళ్లు లేరు, సరిచేసినవాళ్లు లేరు.

తమ్ముడు చాలాసేపు చూసి, "దీనికి సెన్సర్ లేదక్కా" అన్నాడు. రోజంతా సెన్సర్లు మార్చే పని వాడిది.

జులై 22

నిద్ర పట్టక రాస్తున్నాను. ఆదివారం ఆనందంలో ఆ పదకొండున్నర గీతని సరిగ్గా చూడలేదు.

ఎడమ పంపు బలహీనమైతే బల్ల దాన్ని సరిదిద్దుకుంది, కానీ ఊరికే సరిదిద్దుకోలేదు. ఊపిరితిత్తుల్లో మూడున్నర సెం.మీ. నీళ్లు అదనంగా నిలవ ఉంచి, ఆ ఒత్తిడితో ఎడమ పంపుని నింపి, లెక్క సమానం చేసింది. నిజం మనిషిలో ఆ నిలవే ఆయాసం. మా మామగారు చివరి రెండేళ్లు రెండు తలగడలు వేసుకుని, తర్వాత మూడు వేసుకుని, ఆఖరికి పడక్కుర్చీలోనే పడుకున్నారు. టూడీ ఎకో రిపోర్టులో ఈఎఫ్ 30 శాతం అని ఉండేది. నిండిన రక్తంలో ఎన్నో వంతు బయటికి కొడుతోందో ఆ అంకె చెప్తుంది. ఆరోగ్యంగా ఉన్న గుండెలో విశ్రాంతిగా ఉన్నప్పుడు సుమారు 120 మి.లీ. నిండితే 70 బయటికి వెళ్తుంది, 50 మిగులుతుంది, అంటే 60 శాతానికి కాస్త అటూ ఇటూ. ఆయన పడుకోగానే కాళ్లలో ఉన్న రక్తం ఛాతీ వైపు వచ్చేది. ఊపిరితిత్తుల సీసాలో మట్టం పెరిగేది. ఒక రాత్రివేళ లేచి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేవారు. నిలబడితే మట్టం దిగుతుంది.

ఆయనకి నీటిమాత్ర ఇచ్చేవాళ్లం, ఒంట్లో నీటిని మూత్రంగా పంపేసేది. అది ఊపిరితిత్తుల మీద పని చేసే మందనుకునేదాన్ని. ఇవాళ సాయంత్రం బల్ల మీద అట్టలు అలాగే ఉంచి, ఒంటి సీసాలోంచి నూరు మి.లీ. తీసి పారబోశాను. కాసేపటికి ఊపిరితిత్తుల మట్టం పదికి వచ్చింది. పంపే మొత్తం కొంచెం తగ్గింది.

జులై 27

ఇవాళ్టి ప్రశ్న తమ్ముడిది. "మరి పరుగెత్తితే గుండె దడదడా కొట్టుకుంటుంది కదా. వేగం పెంచితే ఎక్కువ వస్తుందిగా?"

రెగ్యులేటర్ తిప్పాం. రెండు జానల ఎత్తులో నిమిషానికి 30 దెబ్బలప్పుడు దెబ్బకి 21, అంటే 630 మి.లీ. వేగం 60 చేస్తే 1,260 రావాలి. దెబ్బకి 12 మాత్రమే వచ్చింది. మొత్తం 720. మళ్లీ కొలిచాం, అంతే. ట్యూబు నిండటానికి టైం దొరకడం లేదు. సీసాలోంచి వచ్చే నీళ్లే అన్ని, వాటిని 30 సార్లు పిండినా 60 సార్లు పిండినా పెద్ద తేడా లేదు. వేగం 60లో ఉంచి సీసాని ఇంకో రెండు మేకులు పైకి జరిపినప్పుడు మాత్రం అంకె ఎగిరింది.

నిజం గుండెలో కూడా అంతే. విశ్రాంతిగా ఉన్న మనిషికి పేస్‌మేకర్‌తో ఒక్క వేగం పెంచితే మొత్తం పెద్దగా పెరగదు. స్పందనకి వెళ్లేది తగ్గిపోతుంది. పరుగెత్తేటప్పుడు 5 లీటర్లు కాస్తా 20 లీటర్ల దాకా వెళ్తుందంటే దానికి కారణం గుండె ఒక్కటే కాదు. పిక్క కండరాలు ప్రతి అడుగుకీ సిరల్ని పిండి రక్తాన్ని పైకి తోస్తాయి. సహానుభూత నాడులు సిరల్ని బిగిస్తాయి. పని చేస్తున్న కండరాల్లో ధమనికలు, అంటే సన్నటి ధమనులు, విచ్చుకుంటాయి. మొత్తం రక్తంలో సగానికి పైగా సిరల్లోనే ఉంటుంది కాబట్టి అక్కడ కాస్త బిగించినా గుండెకి చేరేది బాగా పెరుగుతుంది. ఇన్నీ కలిసి సీసాని పైమేకుకి మారుస్తాయి. అప్పుడు వేగం, బలం పెరగడం పనికొస్తుంది, వచ్చినదాన్ని ఆలస్యం లేకుండా అవతలికి దాటించడానికి. అమెరికాలో మిసిసిప్పీ యూనివర్సిటీలో ఆర్థర్ గైటన్ 1950లలో పట్టుబట్టి చెప్పింది ఇదే, ఎంత పంపాలో గుండెతో పాటు, చాలావరకు గుండెకంటే ముందు, తిరిగి వచ్చే రక్తం నిర్ణయిస్తుందని. గుండె మార్పిడి చేసినవాళ్లలో కొత్త గుండెకి నాడులు తెగి ఉంటాయి. అయినా వాళ్లు మెట్లెక్కుతారు, ఎక్కేకొద్దీ గుండె పంపేది పెరుగుతుంది. మొదటి నిమిషాల్లో వేగం పెద్దగా పెరగకుండానే.

మధ్యాహ్నం నా మీద నేను చేసుకున్నది. పడుకుని పది నిమిషాల తర్వాత నాడి 68. లేచి నిలబడి నిమిషం ఆగి చూస్తే 84. నిలబడగానే అర లీటరు పైన రక్తం కాళ్లలోకి జారుతుంది. గుండెకి చేరేది తగ్గి, స్పందనకి వెళ్లేది తగ్గి, మెడలో కెరోటిడ్ సైనస్ అనే చోట ధమని గోడ బిగువు చూసే నాడులు ఆ సంగతి మెదడుకి చెప్తే వేగం పెరిగింది. ఈ భాగం మా బల్లకి లేదు. తమ్ముడు ఒక ప్రెషర్ సెన్సర్ తగిలిస్తానంటున్నాడు. మొదలుపెడితే దసరా దాకా తేలదు. వద్దన్నాను.

ఆగస్టు 3

బల్ల ఓడిపోయిన రోజు. నాకైతే అన్నిటికంటే ఎక్కువ అర్థమైంది ఇవాళే.

స్టార్లింగ్ ఇంకో పని కూడా చేశాడు. గుండె నుంచి బయటికి వెళ్లే దారిని ఇరుకు చేశాడు, బీపీ పెరిగినట్టు. గుండె కొన్ని దెబ్బలు పూర్తిగా ఖాళీ చెయ్యలేకపోయింది, ఉబ్బింది, తర్వాత మళ్లీ మునుపటంత పంపడం మొదలుపెట్టింది. మేమూ చేద్దామని ఎడమ పంపు బయటి పైపుని బట్టల క్లిప్పుతో నొక్కాను. క్రాంక్ మొండిది, వైపర్ మోటార్ ఇంకా మొండిది. చెక్కలు పట్టించుకోకుండా మూసుకున్నాయి, కవాటం జాయింటు ఊడి ఎర్రనీళ్లు గోడ మీద క్యాలెండర్ దాకా వెళ్లాయి.

సరే, మోటార్‌కీ చెక్కకీ మధ్య గట్టి కడ్డీ బదులు స్ప్రింగు పెట్టాం, బలానికి హద్దు ఉండాలని. ఇప్పుడు క్లిప్పు పెడితే ట్యూబు సగమే ఖాళీ అవుతోంది. తర్వాతి దెబ్బకి మిగిలిన దానిపైన కొత్త నీళ్లు చేరి ఇంకా నిండుతోంది. ఇక్కడ నిజం గుండె గట్టిగా కొట్టి గట్టెక్కేది. మా ట్యూబు గట్టెక్కలేదు. నిండి, తక్కువ కొడుతూ, అలాగే ఉండిపోయింది. ఎంత నిండినా స్ప్రింగు బలం అంతే మరి.

తమ్ముడికి పట్టుదల వచ్చింది. "నిండితే బలం పెరగాలి, అంతేగా? స్ప్రింగు రెండు చెక్కల మధ్యే పెడతా. ట్యూబు ఎంత ఉబ్బితే స్ప్రింగు అంత సాగుద్ది, అంత గట్టిగా లాగుద్ది." పుస్తకాల్లో రబ్బరు బ్యాండు పోలిక ఇదే. నేనూ ఏళ్ల తరబడి క్లాసులో రబ్బరు బ్యాండు లాగి వదిలి చూపించాను.

పెట్టాడు. ట్యూబు నిండనే లేదు. చెక్కలు తెరవాలంటే నీళ్లే స్ప్రింగుని సాగదియ్యాలి, జానెడు ఎత్తు నీళ్లకి అంత బలం ఎక్కడిది? మెత్తటి స్ప్రింగు మార్చాడు. నిండింది, కానీ పిండలేకపోయింది. ఇంకోటి మార్చాడు. సాయంత్రం దాకా ఏడు స్ప్రింగులు. నిండేది పిండదు, పిండేది నిండదు.

ఏడో స్ప్రింగు దగ్గర నాకు వెలిగింది. రబ్బరు బ్యాండు పోలిక తప్పు. రబ్బరు తిరిగి ఇచ్చేది మనం లాగినప్పుడు పెట్టిన బలాన్నే. గుండె కండరం అలా కాదు. నిండేటప్పుడు మెత్తగా ఉండి, కొద్దిపాటి ఒత్తిడికే సాగుతుంది. పిండేటప్పుడు గట్టిపడుతుంది. ఆ బలం నింపిన రక్తం ఇచ్చింది కాదు, ప్రతి దెబ్బకీ కొత్తగా ఏటీపీ, అంటే కణం శక్తికి వాడుకునే పదార్థం, ఖర్చుపెట్టి పుట్టించుకున్నది. సాగడం వల్ల జరిగేది వేరు. కండరంలో సార్కోమియర్ అనే చిన్న గడి సుమారు 1.8 మైక్రాన్ల నుంచి 2.2 మైక్రాన్ల వైపు సాగుతుంది. ఒకదాన్నొకటి పట్టి లాగే యాక్టిన్, మయోసిన్ పోగుల అమరిక మెరుగుపడుతుంది. అంతకంటే ముఖ్యంగా, ముడుచుకోమని చెప్పే కాల్షియం అంతే ఉన్నా పోగులు ఎక్కువగా స్పందిస్తాయి. అంటే ఎక్కువ చేతులు ఒకేసారి పట్టుకుని లాగుతాయి. చేతులు, కాళ్ల కండరాలు మామూలుగానే దాదాపు సరైన పొడవులో ఉంటాయి. గుండె కండరం దానికి కొంచెం ఇవతల పని చేస్తుంది కాబట్టి దానికి ఇంకా సాగి ఇంకా బలపడే చోటు మిగిలి ఉంటుంది. మరీ సాగకుండా టైటిన్ అనే పెద్ద ప్రోటీన్ పట్టి ఉంచుతుంది.

జర్మనీలో మ్యూనిక్‌లో ఒట్టో ఫ్రాంక్ కప్ప గుండె మీద చేసి చూపించింది దీని తొలి రూపం. గుండెలో ఎక్కువ నింపి బయటికి దారి మూసేస్తే లోపల పుట్టే ఒత్తిడి ఎక్కువ. ఆ వ్యాసం 1895లో వచ్చింది. అదే ఏడాది భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారు. ఆయనా, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ కలిసి 1927లో కండరంలో శక్తిని నిలవ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ గురించి ప్రకటించారు. కండరానికి డబ్బు, అంటే శక్తి, ఎక్కణ్నుంచి వస్తుందో తెలియడానికి ఆ రెండు వ్యాసాలు దారి వేశాయి. తమ్ముడికి ఇదంతా చెప్పాను. ఏడు స్ప్రింగులు డబ్బాలో వేసుకుంటూ, "అయితే ఇది స్ప్రింగు కాదు, క్రాంక్ పొడవు తనే మార్చుకునే మోటార్" అన్నాడు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

క్లాసులో రబ్బరు బ్యాండు ఇక చూపించను.

ఆగస్టు 6

బల్లని ఆటోలో కాలేజీకి తీసుకెళ్లాను. స్ప్రింగు తీసేసి మళ్లీ మొండి కడ్డీ పెట్టించాను, క్లిప్పు ఇంట్లో వదిలేశాను. ఆటో కుదుపుకి ఒక కవాటం దారం ఊడింది. స్టాఫ్ రూంలో జడ పిన్నుతో తంటాలు పడి మళ్లీ కట్టాను.

ముందు సిరంజిల చెక్క నడిపించాను. పొంగింది. ముందు బెంచీ వాళ్లు కాళ్లు పైకి పెట్టుకున్నారు. తర్వాత ట్యూబుల చెక్క. ప్రశ్న అడిగిన అమ్మాయిని పిలిచి అట్టలు చేతికిచ్చాను. "నువ్వే పెట్టు." ఎన్ని పెట్టాలని అడిగింది, నీ ఇష్టం అన్నాను. ఐదు పెట్టేసింది. నా గుండె గుభేలుమంది, మూడుకి మించి నేనెప్పుడూ చూడలేదు.

మట్టం పన్నెండు దాటింది, పదమూడు దాటింది. పద్నాలుగు దగ్గర, సీసా అంచుకి రెండు వేళ్ల కింద, ఆగింది. ఆ అమ్మాయి మార్కర్ పెన్నుతో అక్కడ గీత గీసి, గీత పక్కన "71" అని రాసింది. ఎందుకలా రాసిందో వెనక బెంచీలకి అర్థం కాలేదు, ముందు బెంచీల్లో ఇద్దరికి అర్థమైంది. ఆ ఇద్దరూ మిగతావాళ్లకి చెప్పడం మొదలుపెట్టారు, నేను బోర్డు తుడుచుకున్నాను.

"మేడమ్, ఆరు పెడితే?" అంది.

బెల్లు కొట్టారు. పెడదాం అనుకున్నాను కానీ తమ్ముడి ఫోన్. వైపర్ మోటార్ కావాలట. వానలు పట్టాయి, ఎవరిదో కారు షాపు ముందు ఆగి ఉందట. ఆరో అట్ట సంగతి ఇంకో మోటార్ దొరికాక.